అందరూ కూర్చున్న వార్డు

పోయిన వారం మిమ్మల్ని దవాఖాన గేటు దగ్గరే నిలబెట్టి వెళ్ళాను. తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ఒక పొడుగాటి బూటు కాలు బయటికి వచ్చింది. అంతే, అక్కడ ఆపేశాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం నొప్పా? ఆ రోజు ఆ గేటు దగ్గర ఎండలో నిలబడి నేను పడ్డ ఆరాటంలో మీకూ కాస్త వాటా ఉండాలిగా.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు సుగుణమ్మ. పాలమూరులో సేవాసదనం అనే ధర్మ దవాఖానలో హెడ్ నర్సును. దవాఖాన వెనక ఒకప్పుడు ధాన్యం గోదాముగా ఉన్న పొడుగాటి గదిలో ఆరు మంచాలేసి డాక్టర్ మెహరాజ్, నేను ఒక వార్డు నడుపుతున్నాం. గుండె ఆగిపోయేలా ఉన్న మనిషిని కంటికి రెప్పలా చూసుకునే గది ప్రతి పెద్ద దవాఖానలో ఉంటుంది. మనసు అదుపు తప్పి, తననేం చేసుకుంటాడో, ఎదుటివాళ్ళనేం చేస్తాడో తెలియని ఆ గడ్డు రోజుల్లో మనిషిని కాపాడే గది మాత్రం మా వైపు ఎక్కడా లేదు. తాళ్ళతో కట్టి జీపులో పడేసి 'ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోల్కపోండి' అనడమే. మాది అలాంటివాళ్ళ కోసం పెట్టిన గది. అందుకే ఊళ్ళో మా డాక్టరమ్మకు పిచ్చి డాక్టరమ్మ అని పేరు. నాకేం పేరు పెట్టారో నా ముందు ఎవరూ అనలేదు, నా నోరు తెలుసు కాబట్టి.

బ్రిటన్‌లో ఇలాంటి గదులు నడిపేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళ దేశంవాళ్ళకే సభ్యత్వం ఇచ్చారు. ఈ ఏడాది, అంటే తొంభై ఎనిమిదిలో, మొదటిసారి బయటి దేశాల వాళ్ళనూ చేర్చుకుంటామన్నారు. సంఘం మనిషి ఒకరు వచ్చి వార్డు చూసి సరేననాలి. డాక్టరమ్మ దరఖాస్తు పెట్టింది. ఆ సంగతి తెలిసి మా ట్రస్టు అధ్యక్షుడు, మిల్లు యజమాని గుర్వయ్య సేటు ఆమెకు ఒకటే మాట చెప్పాడు.

"ఆ తెల్లోళ్ళు నిన్ను తమల కలుపుకుంటె నీ వార్డుంటది బిడ్డా. కలుపుకోకుంటె ఉగాదికి ఖాళీ చెయ్యి. ఆడ స్కానింగు మిషను పెడ్త."

అదీ సంగతి. ఇక గేటు దగ్గరికి రండి.

బూటు కాలు వెనకాలే మనిషంతా దిగాడు. ఎంత పొడుగంటే గుర్వయ్య సేటు పూలదండ పట్టుకుని మునివేళ్ళ మీద లేచినా అందలేదు, ఆయనే వంగి వేయించుకున్నాడు. పేరు కోల్మన్. హైదరాబాదు వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చిన మెహరాజ్ డాక్టరమ్మ అవతలి వైపు నుంచి దిగింది. దారంతా నిద్ర లేనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెల్కం డాక్టర్ సాబ్, వెల్కం!" అన్నాడు సేటు, తను నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారే ఖర్చుపెట్టేస్తూ.

ఆయన నవ్వి, తాను డాక్టర్ను కాననీ, నర్సుననీ చెప్పాడు.

సేటు మొహంలో చిరునవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. పక్కకు వచ్చి నా చెవిలో గొణిగాడు. "గీన నర్సా? మొగోడు నర్సేంది సుగుణమ్మా? ఇంత దూరం నర్సును తోలిన్రా మనకు? పెద్ద డాక్టరెవలు రారా?"

"నర్సంటె మీకంత అలుసా సేటూ?" అన్నాను గట్టిగానే. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు ఎక్కడ కాలాలో అక్కడే కాలింది. లోపల మాత్రం, నిజం చెప్పొద్దూ, పండగలా ఉంది. బ్రిటన్ నుంచి దిగిన పెద్దమనిషి నా జాతివాడు!

ఆ పండగ వార్డు దాకా వెళ్ళేలోపే ఆవిరైపోయింది. ఎందుకంటే వార్డుకు ఏం జరిగిందో నాకు తెలుసు, డాక్టరమ్మకు తెలియదు.

ఆ పొద్దున సేటు మనుషులను వెంటేసుకుని దిగాడు. గోడలకు సున్నం కొట్టించాడు. వార్డు గుమ్మానికి ఇనుప గ్రిల్లు తలుపు బిగించాడు. అన్నిటికంటే ఘోరం, రోగుల వెంట ఉన్న చుట్టాలందరినీ, చాపలూ సద్దిమూటలూ సహా, వెనకాల బాయి దగ్గరికి పంపించేశాడు. మా వార్డులో ప్రతి మంచం పక్కనా ఇంటి మనిషి ఒకరుంటారు. భార్యో, తల్లో, అన్నో. రాత్రీ పగలూ అక్కడే. ఆ మనిషి లేకపోతే మా వార్డే లేదు. ఆ మాటే నేను నోరు చించుకుని చెప్పాను.

"ఆళ్ళ కాయిదంల ఒక సవాలున్నదట, వార్డుకు తాళమేసే తలుపున్నదా అని. డాక్టరమ్మ లేదని రాసిందట. గట్ల రాస్తరా ఎవలన్న? దవాఖాన ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు సేటు. "తెల్లోళ్ళ ముంగట సద్దిమూటలు, చాపలు ఏందమ్మా? గలీజు. ఒక్క పూట ఊకో. ఆయన పోయినంక మల్ల మీ ఇష్టం."

ఇందులో కుట్రేమీ లేదు, ఆయన మీద నింద వేయను. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దినట్టు సర్దాడంతే. పైనుంచి ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే మన దగ్గర బడిలోనైనా, ఆఫీసులోనైనా జరిగేది ఇదే కదా. సున్నం, ముగ్గు, దండలు, ఉన్న మనుషులను ఇంటి వెనక్కి తోలడం. మర్యాద అనుకుని మా వార్డు ప్రాణం తీసి బాయి దగ్గర పెట్టాడు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. గ్రిల్లు కొత్తది, దాని రంగు ఇంకా చేతికంటుతోంది. దానికి వేసిన తాళం మాత్రం పాతది. బరువైన ఇత్తడి తాళం, రోజూ చేతులు పడి పడి నున్నగా మెరుస్తోంది. మిల్లున్న మనిషికి కొత్త తాళం కొనే గతి లేదా అనుకున్నాను. అంతకుమించి పట్టించుకునే తీరిక లేదప్పుడు.

డాక్టరమ్మ గ్రిల్లును చూసి గుమ్మంలోనే ఆగింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె నోరు విప్పేలోపే అతిథి లోపలికి నడిచాడు, ఆయన వెనక మేమిద్దరం. సేటు బయట వరండాలోనే ఆగి, వాచ్‌మన్ గులాం నబీకి సైగ చేశాడు. తాళం పనిచేస్తుందని చూపించాలిగా! గులాం నబీ గ్రిల్లు మూసి తాళం వేసి, తాళంచెవి మెడలో దారానికి తగిలించుకుని, సేటు చెప్పినట్టు హోటల్‌కు చాయ్ తేవడానికి వెళ్ళిపోయాడు.

తాళం పడ్డ చప్పుడుకు లోపలున్న రోగులంతా ఒక్కసారి తలలెత్తారు.

కోల్మన్ గ్రిల్లును పట్టుకుని ఊపి చూశాడు. తన కాగితాల అట్ట మీద ఏదో గీత గీశాడు. బాగుంది అన్నట్టు తలాడించాడు. సేటు బయట నుంచి నా వైపు చూసి మీసం మీద చెయ్యేసుకున్నాడు, చూశావా అన్నట్టు.

నేను డాక్టరమ్మనే చూస్తున్నాను. ఊరుకో తల్లీ అని మనసులో మొక్కుకుంటున్నాను. ఈ ఒక్కసారికి ఊరుకో. ఆయన ఇంకో నాలుగు గీతలు గీసి సరే అంటాడు, వార్డు ఉంటుంది. రేపు ఈ గ్రిల్లును నేనే ఊడబెరికి పాతసామాన్లవాడికి అమ్మేస్తాను. ఊరుకో.

ఆమె ఊరుకునే మనిషైతే ఈ కథ రాసే పనే నాకు ఉండేది కాదు.

"మిస్టర్ కోల్మన్, ఆ గీత కొట్టెయ్యండి," అంది ఇంగ్లీషులో.  "ఈ తలుపు పొద్దున పెట్టింది. మీరు వెళ్ళగానే తీసేస్తాం. ఇక్కడ ప్రతి మంచం పక్కనా ఇంటివాళ్ళుంటారు. మీరు చూడకూడదని వాళ్ళను దాచేశారు. మీరు చూస్తున్నది మా వార్డు కాదు. దీనికి మీరు సభ్యత్వం ఇస్తే నేను తీసుకోలేను."

ఆ తర్వాత గ్రిల్లు దగ్గరికి వెళ్ళి సేటుతో మన భాషలో చెప్పింది. "నేను నిజం చెప్పేసిన సేటూ. మీరు ఇజ్జత్ కోసం చేసిన్రు, నాకెరుక. గని అబద్ధం మీద నా వార్డు నిలవడొద్దు."

"సత్తెనాశనం చేస్తివి గదమ్మా!" సేటు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "చేతికచ్చినదాన్ని కాలదన్నుకుంటివి. ఇగ నీ వార్డు లేదు పో!"

కోల్మన్ మొహంలో నవ్వు పోయింది. మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.  అయిపోయింది, ఉగాదికి ఇక్కడ స్కానింగు మిషనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు బుచ్చయ్య లేచాడు.

బుచ్చయ్య మేళ్లచెరువు దగ్గర సిమెంటు బస్తాలు లారీలకెత్తే మనిషి. నిద్ర మాని, తిండి మాని, రాష్ట్రానికి తానే రాజునంటూ అడ్డొచ్చినవాళ్ళను ఎత్తి విసిరేస్తుంటే బస్సు మీద బస్సు మారి ఇక్కడికి తీసుకొచ్చారు. మందులతో కాస్త కుదుటపడ్డాడు గానీ పెళ్ళాం బక్కమ్మ కళ్ళ ముందు ఉన్నంతసేపే ఆ కుదురు. పొద్దుటి నుంచి ఆమె కనిపించలేదు. పైగా ఇప్పుడు తాళం చప్పుడు.

"బక్కీ!" అని అరిచాడు. గది అదిరింది. "నా బక్కిని ఏంజేసిన్రు? నన్ను లోపలేసి దాన్నేంజేసిన్రు బే?"

సెలైన్ సీసా తగిలించే ఇనుప స్టాండును ఒంటి చేత్తో లేపాడు. సీసా కిందపడి పగిలింది. స్టాండు తల మీద ఒక్క తిప్పు తిప్పి కోల్మన్ వైపు చూశాడు. గదిలో తనకు సమానంగా నిలబడ్డవాడు ఆయనే మరి.

కోల్మన్ పక్కకు ఒరిగి నిలబడి చేతులు సిద్ధం చేసుకున్నాడు. తెలిసిన పనే ఆయనకు. అలాంటి మనిషిని నలుగురు కలిసి ఎలా ఒడిసి పట్టాలో వాళ్ళ దగ్గర నేర్పుతారు. కానీ ఆయనతో కలిసేందుకు మిగతా ముగ్గురు లేరు. తలుపుకు తాళం ఉంది. చెవి గులాం నబీ మెడలో హోటల్ దగ్గర ఉంది.

"కూసోండి!" అని అరిచాను.

మా వార్డులో ఆ మాట ఒక్కటే మందు. కలకలం లేచిందంటే ఎక్కడివాళ్ళక్కడ నేల మీద కూర్చోవాలి. డాక్టరైనా, ఆయా అయినా, రోగైనా, చూడ్డానికొచ్చిన మేనమామ అయినా. నేను కూర్చున్నాను. డాక్టరమ్మ గాజు పెంకుల పక్కనే కూర్చుంది. మిగతా రోగులు మంచాలు దిగి కూర్చున్నారు. బుచ్చయ్య అరుపు విని బాయి దగ్గర నుంచి చుట్టాలంతా పరుగెత్తుకొచ్చారు, వరండాలోకి రాగానే వాళ్ళూ ఒక్కొక్కరే గ్రిల్లు బయట బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు.

కోల్మన్‌కు తెలుగు రాదు. చుట్టూ చూశాడు. ఒక్క క్షణం తటపటాయించాడు. తరువాత ఆ పొడుగు కాళ్ళను ఎటు మడవాలో తెలియక, ఒంటె మోకరించినట్టు విడతలు విడతలుగా దిగి, ఆయనా కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండ ఒడిలోకి జారింది.

నిలబడింది ఇప్పుడు ఇద్దరే. లోపల బుచ్చయ్య, బయట గుర్వయ్య సేటు.

"గులాం నబీ! ఏడ సచ్చినవ్‌రా! తాళం తియ్యి! పోలీసులను పిలువుండ్రి!" సేటు వరండాలో అటూ ఇటూ గెంతుతున్నాడు. ఆ అరుపులకు బుచ్చయ్య గ్రిల్లు వైపు తిరిగాడు. స్టాండుతో ఊచల మీద ఒక్కటిచ్చాడు. రంగు గీసుకుపోయింది. సేటు రెండడుగులు వెనక్కి వేశాడు.

"సేటూ, కూసోండి," అంది డాక్టరమ్మ నేల మీద నుంచి.

"నేనా? కింద్నా?"

కింద నేల మీద ఒలికిన పొద్దుటి సున్నం ఇంకా తడిగా ఉంది. ఆయన కట్టుకున్నది మడత నలగని గ్లాస్కో ధోవతి. చుట్టూ చూశాడు. తన మిల్లులో మూటలు మోసేవాళ్ళలాంటి మనుషులు, ముసలి తల్లులు, బ్రిటన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, అందరూ కూర్చుని తన వైపే చూస్తున్నారు. తాను కాస్త చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఇనుప స్టాండు గాల్లో ఉంది.

"కూసోండి సేటూ!" ఈసారి నేనన్నాను. నా గొంతు సంగతి చెప్పానుగా.

గుర్వయ్య సేటు తడి సున్నంలో చతికిలబడ్డాడు.

గదిలో చప్పుడు ఆగిపోయింది. బుచ్చయ్య ఇంకో దెబ్బ వేయడానికి చెయ్యెత్తి, వేయడానికి ఎదురుగా ఎవరూ లేక, అలాగే ఉండిపోయాడు. లోపల చూశాడు, బయట చూశాడు. వంద మందితోనైనా కలబడగలడు గానీ, కూర్చున్నవాళ్ళతో ఏం కలబడతాడు?

"ఏందే?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అందరు గిట్ల కూసున్రేంది? ఎవలన్న సచ్చిన్రా?"

"ఎవల్ సావలే," అంది గ్రిల్లు అవతల నుంచి బక్కమ్మ. ఆ గొంతు వినగానే అతని భుజాలు దిగాయి. "నేనీడనే ఉన్న. బాయికాడ గూసున్న. నువ్వొక్కనివే నిలవడ్డవు. కాళ్ళు గుంజుతలేవా నీకు?"

ఆలోచించాడు. "గుంజుతున్నయే."

"మరి కూసో రాదు."

కూర్చున్నాడు. ఊచలకు ఆనుకుని, బక్కమ్మ వైపు ఒరిగి కూర్చున్నాడు. స్టాండు ఒడిలో పెట్టుకున్నాడు. ఆమె ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి అతని వీపు నిమురుతుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కూర్చునే జరుగుతూ వెళ్ళి స్టాండు తీసుకున్నాను. ఇవ్వనని అనలేదు.

అప్పుడొచ్చాడండీ మా గులాం నబీ, ఒక చేతిలో చాయ్ కేటిలీ, ఒక చేతిలో గ్లాసులతో. అందరూ కూర్చుని ఉండడం చూశాడు. వార్డు నియమం నరనరానా పట్టిన మనిషి కదా, కేటిలీ పక్కన పెట్టి, మెడలో తాళంచెవితో సహా, గమ్మున కూర్చున్నాడు.

మొదట నవ్వింది కోల్మన్. తరువాత డాక్టరమ్మ. తరువాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. సున్నంలో కూర్చున్న సేటు కూడా నవ్వాడు. తాళం తీయాలని ఎవరికీ తోచలేదు. చాయ్ గ్లాసులు ఊచల సందుల్లోంచే లోపలికి వచ్చాయి.

చాయ్ తాగుతూ కోల్మన్ అడిగాడు, ఇది ఎక్కడ నేర్చుకున్నారని.

"ఎక్కడా నేర్చుకోలేదు," అంది డాక్టరమ్మ. "నేనూ చదువుకున్నది నలుగురు పట్టుకోవాలనే. ఈ వార్డు పెట్టిన కొత్తల్లో ఒకాయన నా మీదికి దూకాడు. ఇక్కడ ఉన్నది సుగుణమ్మ, నేను. భయంతో నా కాళ్ళు చచ్చుబడి కూలబడ్డాను. ఆయన ఆగిపోయాడు. అంతే." ఆమె నా వైపు చూసింది. "కొట్లాటకొచ్చినవాణ్ణి మా వైపు పెద్దలు ముందు కూసో, కూసోని మాట్లాడు అంటారు. అదే మేం వార్డులో పెట్టుకున్నాం. ప్రతిసారీ పనిచేయదు. సూది మందు అవసరమైన రోజులున్నాయి, పట్టుకోవాల్సిన రోజులూ ఉన్నాయి. కానీ ఇంటి మనిషి పక్కనుంటే అలాంటి రోజులు తగ్గుతాయి."

కోల్మన్ గ్లాసు కింద పెట్టాడు. తరువాత మెల్లగా, నాకూ అర్థమయ్యేలా చెప్పాడు. తమ వార్డులకు తాళాలున్నాయట. కొన్ని రోజులు అవి తప్పవట, ఆ విషయంలో అబద్ధం చెప్పనన్నాడు. కానీ తమది తాళాల సంఘం కాదన్నాడు. మనిషి అతి కష్టంలో ఉన్న రోజుల్లో వాడి పక్కన నిలబడేవాళ్ళ సంఘమట. "నిలబడేవాళ్ళ" అని, ఆగి, తన మడిచిన కాళ్ళ వైపు చూసుకుని, "కూర్చునేవాళ్ళది కూడా" అన్నాడు.

"ఆ నర్సు సార్‌ను అడుగమ్మా," అన్నాడు సేటు బయట నుంచి. "ఈయన సరేనంటె సరిపోతదా? పైన డాక్టర్లు ఒప్పుకోవాలె గద?"

డాక్టరమ్మ అడిగింది. బయటి దేశాల సభ్యులను ఎంచే కమిటీకి పెద్ద ఈయనేనట! ఆ కమిటీలో డాక్టర్లు ఈయన మాట వింటారట! నేను సేటు వైపు ఎలా చూసి ఉంటానో మీరే ఊహించుకోండి.

కోల్మన్ తన అట్ట మీద పాత గీత కొట్టేశాడు. తాళమున్న తలుపు లేదు అని రాశాడు. కింద సంతకం పెట్టి చెయ్యి చాపాడు. ఒక్క డాక్టరమ్మకే కాదు, వార్డు వార్డంతటికీ సభ్యత్వం. వాళ్ళ దేశం బయట చేరిన మొట్టమొదటి వార్డు, పాలమూరులో ధాన్యం గోదాము!

డాక్టరమ్మ ఆ మాట తెలుగులో చెప్పేసరికి వరండా అంతా చప్పట్లు. ముసలి తల్లులు దేనికో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. బుచ్చయ్య కళ్ళు తుడుచుకుని, "గెలిచినమా సిస్టరమ్మా?" అని అడిగాడు.

"గెలిచినం బిడ్డా," అన్నాను. "మస్తుగ గెలిచినం." నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకు ఆపుకోవాలి?

లేచాక కోల్మన్ తన కోటుకున్న సంఘం బిళ్ళను తీసి డాక్టరమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో తిప్పి చూసుకుంది.

"బిళ్ళ ఒక్కటే ఉన్నది సుగుణక్కా. ఎవల డ్యూటీ అయితే వాళ్ళు పెట్టుకుందాం. ఇయాల డ్యూటీ నీదే కద?"

నా తెల్లచీర కొంగుకు తనే గుచ్చింది.

అతిథిని భోజనానికి తీసుకెళ్ళాక, పొద్దు వాలే వేళకు, గుర్వయ్య సేటు మళ్ళీ వచ్చాడు. ధోవతి మార్చుకోలేదు. వెనకంతా ఎండిన సున్నం. చుట్టాలు తమ చాపలు మళ్ళీ మంచాల పక్కన పరుచుకుంటున్నారు. బుచ్చయ్య బక్కమ్మ ఒడిలో తల పెట్టి నిద్రపోతున్నాడు.

"నా మాట మాటే," అన్నాడు సేటు. "వార్డుంటది. రేపు గ్రిల్లు పీకిపిస్త."

"అల్లా మిమ్మల్ని సల్లగ చూడాలె సేటూ," అంది డాక్టరమ్మ.

అయినా ఆయన వెళ్ళలేదు. గ్రిల్లుకు వేలాడుతున్న ఇత్తడి తాళాన్ని చూస్తున్నాడు. "ఆ తాళం... అది వాపస్ తీస్కపోత."

డాక్టరమ్మ తాళం తీసి చేతిలో పట్టుకుంది, ఇవ్వలేదు. నున్నగా అరిగిన దాని అంచును బొటనవేలితో రాసింది. "బజార్ల కొత్తయి దొరకలేదా?"

"పొద్దుగాల దుకాన్లు తెరవలే. ఇంట్ల ఉన్నది తీస్కచ్చిన."

"ఇది దినాం ఏసి తీసే తాళం. ఏ తలుపుది సేటూ?"

 ఆయన నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.  తరువాత, ఎవరూ చెప్పకుండానే, ఆ గ్రిల్లు పక్కనే నేల మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం.

"మా చెల్లె," అన్నాడు. "సావిత్రమ్మ."

నేను ఉలిక్కిపడ్డాను. సేటు చెల్లెలు సోలాపూర్‌లో అత్తగారింట్లో ఉందని ఊరంతటికీ తెలుసు. పండక్కి ఎందుకు రాదని ఎవరైనా అడిగితే, అంత దూరం ఏమొస్తదని ఆయనే చెబుతాడు.

"సోలాపూర్ల లేదు. ఇంటి మీద అర్రల ఉంటది. ఏండ్ల సంది." ఆయన సున్నం ఎండిన ధోవతి అంచును గీకుతున్నాడు. "లగ్గమైన కొత్తల పానం బాగలేక అత్తగారోళ్ళు వాపస్ పంపిచ్చిన్రు. అరుస్తదని, ఊరు నవ్వుతదని పైన పెట్టి తాళమేసిన. మొదట్ల అరిచేది. ఇప్పుడు అరువది. బువ్వ పెట్టి మల్ల తాళమేస్తం, అలవాటయిపాయె. నేను దినాం ఇంట్ల ఈ వార్డు సంగతి చెప్పి నవ్వుత. ఆడ అందరు కింద్ కూసుంటరట, డాక్టరు సుత కూసుంటదట అని. ఆమె తలుపు అవుతల నించి ఇంటది. నిన్న అడిగింది, నిజమేనా అన్నా అని. ఇన్నేండ్లల్ల ఆమె నన్నడిగింది గదొక్కటే."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇన్నేళ్ళా? ఆడమనిషినా? నోటిదాకా వచ్చిన మాటను డాక్టరమ్మ చెయ్యి నొక్కి ఆపింది.

"మరి ఇయాల ఆ తలుపుకు ఏమున్నది సేటూ?"

ఆయన తలెత్తాడు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. "ఉత్త గొళ్ళెం పెట్టచ్చిన, సందుల నించి చెయ్యి పెడితె ఊడ్తది..."

గేటు వైపు నుంచి గులాం నబీ పరుగున వచ్చాడు. మమ్మల్ని చూసి అలవాటుగా కూర్చోబోయి, మళ్ళీ లేచాడు.

"డాక్టరమ్మా, గేటుకాడ ఒక ఆడామె నిలవడ్డది. కాళ్ళకు చెప్పుల్లెవ్వు. వెలుతురుకు కండ్లు తెరుస్తలేదు. పేరడుగుతె చెప్తలేదు. లోపట కూసునేటందుకు జాగ ఉన్నదా అని అడుగుతాంది."

సేటు లేవబోయాడు. డాక్టరమ్మ ఆయన భుజం మీద చెయ్యేసింది.

"మీరు లేవకండి సేటూ. ఆమె అచ్చేసరికి మీరు కూసోనే ఉండాలె."

తరువాత నా వైపు తిరిగింది. నేను కొంగు సర్దుకున్నాను. ఆ రోజు డ్యూటీ నాది. లేచి గేటు వైపు నడిచాను.